మాతృమరణ విచారణము

(మహాసభ రెండవ దినమున చేసిన యుపన్యాసము)



ఈ మహాసభయందు మాకు ఒప్పగింపబడు విషయము సాధారణముగా కావ్యమో, వ్యాకరణమో, బాలుర విద్యయో అయి యుండును. ఈ మాఱు మేమే కార్యదర్శిగారి నడిగి వేఱొక విషయమును కోరితిమి. గర్భము ధరించిన స్త్రీలు ఏల మరణించుచున్నారు, కొందఱు చావు గడప వఱకు పోయి ఎట్లు తిరిగి వచ్చుచున్నారు అను ప్రశ్నను లోకమున ఎవ రెట్లు అడిగిరి, వారికి దొరకిన సమాధానము లెట్టివి, అట్టి సమాధానములు ఇంకను దొరకుటకు గృహస్థులమైన మనము చేయవలసిన దేమి అనునదే నేటి ప్రసంగము. ఇది వైద్యుల విషయము కదా, బడిపంతులున కిందు పని యేమి యని కొందఱకు అనుమానము కలుగవచ్చును. రోగమునకు మందిచ్చుట వైద్యుల పనియే. కాని రోగిణికి జరిగిన దేమో వైద్యునకు ఉన్న దున్నట్లు చెప్పవలసినవారు ఇంటివారు. ఆ చెప్పుటను గుఱించియే మేము ముఖ్యముగా మాటలాడ దలచితిమి.

పురుడనిన ఆడుదానికి పునర్జన్మ యను మాట మన యిండ్లలో వాడుకగా నున్నది. తల్లి పడు కష్టమునకు ఆ మాటయందు గౌరవము కలదు. అందు ఒక అపాయము కూడ కలదు. పునర్జన్మ యన్నప్పుడు దానికి ముందు మరణ ముండుట సహజమే యని మనసు సమాధానపడును. సమాధానపడిన మనసు కారణ మడుగదు. నూకలు చెల్లినవి, వ్రాత అట్లున్నది యని నిట్టూర్చి కర్మకాండ ముగించి, తల్లిలేని పసికందును అమ్మమ్మ చేతిలో పెట్టుదుము. ఎన్ని గంటలకు నొప్పులు మొదలైనవి, ఎప్పుడు రక్తము పోవుట ఆరంభమైనది, ఎప్పుడు బండి వచ్చినది, ఆసుపత్రిలో ఎవరు చూచిరి అను సంగతులు నెల తిరుగక ముందే మఱపున బడును.

మన ప్రాచీన వైద్యాచార్యులు ఇట్లు మఱచినవారు కారు. సుశ్రుతసంహిత నిదానస్థానమున 8వ అధ్యాయము మూఢగర్భమును, అనగా దారి తప్పి చిక్కుకొనిన గర్భమును గుఱించినది. చికిత్సాస్థానమున 15వ అధ్యాయము దాని చికిత్సను గుఱించినది. బిడ్డ ఏ యే రీతుల అడ్డముపడునో వివరించి, దీనికంటె కష్టమైన శస్త్రకర్మ లేదని ఆచార్యుడు ఒప్పుకొనెను. శారీరస్థానము 10వ అధ్యాయమున ప్రసవవేళ దగ్గఱ నుండదగిన స్త్రీలను చెప్పుచు, వారు నలుగు రుండవలెననియు, వయసు ముదిరినవారును, పురుడు పోయుటయందు నేర్పరులును, గోళ్లు కత్తిరించుకొనినవారును కావలెననియు విధించెను. దీనిని చూపి సర్వమును మన గ్రంథములలోనే కలదని గర్వించుట మాకు సమ్మతము కాదు. సూక్ష్మక్రిముల సంగతి ఆ కాలమున లోకమున నెవ్వరికిని తెలియదు. అయినను వారు కన్నులు తెఱచి చూచిరి. చూచిన దానిని దాచక వ్రాసిరి. మనము వారినుండి గ్రహింపవలసినది ఆ పద్ధతిని.

గోళ్ల మాట చిన్నదిగా కనబడును. దాని వెనుకనున్న సత్యము బయటపడుటకు యూరపు ఖండమున ఇద్దఱు వైద్యులు తమ జీవితములను ధారవోయవలసి వచ్చినది.

స్కాట్లండు దేశమందలి ఆబర్డీను నగరమున 1789 మొదలు 1792 వఱకు సూతికాజ్వరము ప్రబలెను. పురుడైన కొలది దినములలో వచ్చి తల్లిని తీసికొనిపోవు జ్వరమున కా పేరు. అచ్చటి వైద్యుడగు అలెగ్జాండరు గోర్డను జబ్బుపడిన ప్రతి స్త్రీకి ఎవరు పురుడు పోసిరో పట్టిక వ్రాసికొనుచు పోయెను. కొందఱు మంత్రసానులును, కొందఱు వైద్యులును అడుగుపెట్టిన యిండ్లలోనే జ్వరము వచ్చుచున్నట్లు ఆ పట్టిక వలన తేలెను. అట్లు జ్వరమును మోసికొనిపోయిన వారిలో తానును ఒకడనని 1795లో ప్రకటించిన గ్రంథమున అతడు దాచక వ్రాసెను. అయితే మంత్రసానుల పేర్లను కూడ అతడు అందు అచ్చువేసెను. ఊరు అతనిపై తిరుగబడెను. అతడు నగరము విడిచి నౌకాదళపు కొలువునకు పోయి 1799లో మరణించెను. అతడు కనుగొనిన సత్యము చాలకాలము మూలబడి యుండెను.

వియన్నా నగరపు పెద్దాసుపత్రియందు రెండు పురిటి విభాగము లుండెను. మొదటిదానిలో వైద్యులు, వైద్యవిద్యార్థులు పురుడు పోయుచుండిరి. రెండవదానిలో మంత్రసానులు, ఆ విద్య నేర్చుకొను స్త్రీలు. 1846లో మొదటి విభాగమున నూటికి 11 మందికి పైగా తల్లులు మరణించిరి. రెండవదానిలో నూటికి ముగ్గురైనను లేరు. మమ్ము మొదటి దానికి పంపవలదని పేద స్త్రీలు కాళ్లు పట్టుకొని వేడుకొనుచుండిరి. ఇగ్నాజ్ సెమ్మెల్వైస్ అను యువవైద్యుడు ఈ భేదమునకు కారణమును వెదకుచుండగా, 1847లో శవపరీక్షా సమయమున కత్తి గాటుపడిన అతని మిత్రుడొకడు సూతికాజ్వర లక్షణములతోనే మరణించెను. శవములను కోసిన చేతులతోనే వైద్యులు నేరుగా పురిటి గదికి వచ్చుచుండుట ఆ భేదమునకు మూలమని అత డప్పుడు గ్రహించెను. ఆ సంవత్సరము మే మాసమున క్లోరినుతో కూడిన సున్నపు నీట చేతులు కడుగుకొనుట నిర్బంధము చేసెను. 1848లో మొదటి విభాగపు మరణములు నూటికి ఒకటి చిల్లరకు దిగినవి.

ఇంతటి మేలు కన్నులయెదుట జరిగినను తోటి పండితులలో పలువురు అతని మాటను అంగీకరింపలేదు. అతడును తుదకు కోపము పట్టలేక వారిని హంతకులని బహిరంగ లేఖలలో దూషించెను. దూషణ విని హృదయము మార్చుకొనువారు లోకమున అరుదు. 1865లో అతడు పిచ్చాసుపత్రియందు మరణించెను. గోర్డను పట్టికయు సత్యమే, సెమ్మెల్వైసు లెక్కయు సత్యమే. కాని సత్యముతోపాటు నింద వచ్చినప్పుడు జనులు నిందను తప్పించుకొనుటకై సత్యమును కూడ త్రోసివేసిరి. ఈ సంగతిని సభ్యులు జ్ఞప్తియం దుంచుకొనవలెనని ప్రార్థించుచున్నాము. మన యిండ్లలో జరుగుచున్నదియు దీనికి దూరము కాదు.

సత్యమును నిందనుండి వేఱుపఱచు ఉపాయమును ఇంగ్లాండు దేశము వారు కనుగొనిరి. 1930 ప్రాంతమున సైతము ఆ దేశమున లక్ష కాన్పులకు 400 మందికి పైగా తల్లులు పోవుచుండిరి. 1935 పిమ్మట సల్ఫా మందులు, తరువాత పెన్సిలిను, రక్తము ఎక్కించు సౌకర్యము వచ్చి ఆ సంఖ్య వేగముగా తగ్గెను. అంతటితో తృప్తిపడక 1952 మొదలు ఇంగ్లాండు, వేల్సులయందు ప్రతి మాతృమరణమును గోప్యముగా విచారించు పద్ధతి నేర్పఱచిరి. తల్లికి చికిత్స చేసిన వైద్యులు, నర్సులు జరిగిన దంతయు వ్రాసి పంపుదురు. విచారించు పెద్దలు తల్లి పేరు, వైద్యుని పేరు, ఊరి పేరు తొలగించి చదువుదురు. ఆ పత్రము లెవ్వరిని శిక్షించుటకును ఉపయోగింపబడవు. మూడేండ్ల కొకమాఱు నివేదిక వెలువడెడిది. అందు, ఇన్ని మరణములలో ఇన్నింటిని తప్పింప వీలుండెడిది, ఇక మీదట ఇట్లు చేయుడు అని మాత్రమే యుండును.

దాని ఫలమునకు ఒక యుదాహరణము చెప్పుదుము. సిజేరియను ఆపరేషను అయిన పిమ్మట కొందఱు తల్లులు కాళ్ల సిరలలో రక్తము గడ్డకట్టి, ఆ గడ్డ ఊపిరితిత్తులకు చేరి మరణించుచున్నారని నివేదికలు మాటిమాటికి చూపినవి. 1995లో ఆ దేశపు ప్రసూతి వైద్యుల కళాశాల వారు దానిని నివారించు నియమములను ప్రకటించిరి. 1997 మొదలు 1999 వఱకు గల నివేదికయందు ఆపరేషను తరువాత అట్లు సంభవించిన మరణములు స్పష్టముగా తగ్గినవి. ఒక తల్లి మరణమును గుఱించి దాచక వ్రాసిన నాలుగు కాగితములు ముఖము నెఱుగని మఱొక తల్లిని బ్రతికించినవన్న మాట.

ఇక మన దేశమునకు వత్తము. 1928లో లూసీ విల్సు అను ఆంగ్లేయ వైద్యురాలు బొంబాయికి వచ్చి, నూలు మిల్లులలో పనిచేయు పేద స్త్రీలు గర్భిణులుగా నున్నప్పుడు రక్తము క్షీణించి మరణించుటకు కారణ మేమని పరిశోధించెను. వారి యాహారమున ఏదియో లోపించుచున్నదని కనిపెట్టి, ఈస్టు సారముతో ఆ రోగము కుదురునని 1931లో ప్రకటించెను. ఆ లోపించిన పదార్థమే పిమ్మట ఫోలిక్ ఆమ్లముగా తేలినది. దానిని ప్రయోగశాలయందు కృత్రిమముగా తయారుచేసిన బృందమునకు 1945లో నాయకుడుగా నుండినవాడు మన భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. నేడు ఆశా కార్యకర్త మన కోడండ్రకు ఇనుముతో కలిపి యిచ్చు మాత్రయందు ఆ పదార్థమే యున్నది. ఒక తెలుగువాని మేధకు ఫలమైన ఆ మాత్రను వికారము పుట్టునని కిటికీలోనుండి విసరివేయు గర్భిణులు మన యిండ్లలో కలరు. చూచియు ఊరకుండు అత్తలు కూడ కలరు.

1984, 85 ప్రాంతమున అనంతపురము జిల్లాయందు జె. సి. భాటియాగారు జరిపిన పరిశోధన మన ప్రాంతమునకు కన్ను తెఱపించినది. ఊరూర మరణించిన స్త్రీల వివరములు సేకరింపగా లక్ష సజీవ జననములకు సుమారు 800 మంది తల్లులు మరణించుచున్నట్లు తేలెను. కాన్పు వయసు స్త్రీల మరణములలో మూడవ వంతునకు పైగా గర్భసంబంధమైనవే. ప్రభుత్వము వారి నమూనా నమోదు లెక్కల ప్రకారము 2001-03లో ఉమ్మడి ఆంధ్రప్రదేశమున ఈ సంఖ్య 195. 2018-20 నాటికి ఆంధ్రప్రదేశమున 45, తెలంగాణమున 43. అదే కాలమునకు భారతదేశ మంతటికి 97, అస్సామునకు 195, కేరళమునకు 19. లెక్కించిన పద్ధతులు వేఱు గనుక అనంతపురపు సంఖ్యను తక్కినవాటితో సరిగా తూచరాదు. అయినను ఒక తరములో ఎంత దూరము నడచితిమో తెలియుచున్నది. నడవవలసిన దూరమును కేరళము చూపుచున్నది. అచ్చటి ప్రసూతి వైద్యుల సంఘము 2004 నుండి ఇంగ్లాండు పద్ధతిని అనుసరించి ప్రతి మాతృమరణమును గోప్యముగా విచారించుచు, తెలిసికొనిన దానిని వైద్యులకు మరల బోధించుచున్నది.

మాతృమరణ మనగా నేమో కూడ చెప్పవలెను. గర్భముతో నున్నప్పుడు గాని, గర్భము ముగిసిన 42 దినములలోపల గాని, ఆ గర్భము వలన లేక దానిచే ముదిరిన వ్యాధి వలన కలుగు మరణమే మాతృమరణము. ప్రమాదవశమున కలుగు మరణములు ఇందు చేరవు. మనము పది దినములు పురుడు పట్టి, పదునొకండవ నాడు స్నానము చేయించి, బాలింతకు గండము గడచినదని తలంతుము. శాస్త్రము ఆఱు వారముల వఱకు గడవలేదనుచున్నది. పదునొకండవ నాటి పిమ్మట జ్వరము, తలనొప్పి, కాలివాపు, ఆయాసము కనబడినచో పథ్యము చెడినదని కషాయము కాచి కూర్చుండుట తగదు. ఆసుపత్రికి పోవలెను.

మరణ కారణములలో అగ్రస్థానము రక్తస్రావమునది. లోకమందలి మాతృమరణములలో నాలుగవ వంతునకు పైగా దాని వలననే. బిడ్డ పుట్టిన పిమ్మట గర్భాశయము ముడుచుకొనక రక్తము ధారగా పోవుచుండగా, ఇది మామూలే యని దగ్గఱి వారనుకొను కొన్ని నిమిషములలోనే ప్రాణము జారిపోవును. రక్తము ఎంత పోయినదో కంటితో అంచనా వేయుటయే పొరపాటునకు మూలమని పరిశోధకులు గ్రహించిరి. మన పొరుగున బెళగావి ప్రాంతపు పల్లెలలో 1,620 మంది స్త్రీలతో జరిపి 2006లో ప్రకటించిన పరిశోధనయందు, కాన్పు కాగానే నడుము క్రింద పఱచి రక్తమును పట్టి కొలుచు ప్లాస్టిక్కు పఱపును వాడిరి. గ్రామ నర్సులు మిసోప్రోస్టాల్ మాత్ర లిచ్చిన స్త్రీలలో అధిక రక్తస్రావము నూటికి 12 నుండి 6కు చిల్లరకు తగ్గెను. 2023లో ప్రకటింపబడిన మఱొక గొప్ప పరిశోధన ఆఫ్రికా ఖండమున నాలుగు దేశములలో, 80 ఆసుపత్రులలో, రెండు లక్షలకు పైగా కాన్పులపై జరిగినది. అచ్చట కొలత గీతలు గల పఱపును వాడి, స్రావము హద్దు దాటగానే చికిత్స లన్నింటిని వరుసగా కాక ఒక్కసారిగా ఆరంభించిరి. వాడుక పద్ధతిలో సగము స్రావములు మాత్రమే గుర్తింపబడుచుండగా, ఈ పద్ధతిలో నూటికి 93 గుర్తింపబడినవి. తీవ్ర రక్తస్రావము గాని, దాని వలన ఆపరేషను గాని, మరణము గాని కలుగుట నూటికి 4కు పైనుండి 2కు లోపలికి దిగినది. ఇందు క్రొత్త మందేదియు లేదు. కొలుచుటయు, ఆలసింపకుండుటయు మాత్రమే క్రొత్తవి.

రెండవ శత్రువు రక్తపుపోటు. అది ముదిరి మూర్ఛలు వచ్చినచో మనవారు గుఱ్ఱపువాత మందురు. కొన్ని చోట్ల గాలి సోకినదని భూతవైద్యుని పిలుతురు. ఈ మూర్ఛకు ఏ మందు మేలు అని 1,687 మంది స్త్రీలతో జరిపిన పరిశోధన 1995లో వెలువడెను. అందు మన దేశపు ఆసుపత్రులును పాల్గొనినవి. మెగ్నీషియం సల్ఫేటు తక్కిన మందులకంటె చాల మేలని తేలినది. మూర్ఛ రాకముందే దాని నిచ్చినచో మూర్ఛ వచ్చు అవకాశము సగమునకు పైగా తగ్గునని 33 దేశములలో 10,000 మందికి పైగా స్త్రీలతో జరిగిన పరిశోధన 2002లో నిరూపించెను. మన పెద్దలు భేదిఉప్పని పిలిచినది ఆ పదార్థమే. వైద్యులు దానిని శుద్ధిచేసి సూదిమందుగా ఇచ్చుదురు. వెల స్వల్పము, ప్రాణము అమూల్యము. అయితే ఆ సూది వేయవలెనన్నను గర్భిణి ముందుగా రక్తపుపోటు చూపించుకొని యుండవలెను కదా!

రక్తహీనత ఈ శత్రువులకు తలుపు తీయు ఇంటిదొంగ. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము మన రెండు రాష్ట్రములలోను గర్భిణులలో సగమునకు పైగా రక్తహీనత కలవారు. 2023లో వెలువడిన ఒక పరిశోధనయందు, మధ్యస్థమైన రక్తహీనత గల తల్లులకంటె తీవ్ర రక్తహీనత గల తల్లులకు మరణము గాని, చావు తప్పి బయటపడు స్థితి గాని కలుగు సంభావ్యత ఏడింతలుగా కనబడెను. ఒకామె తట్టుకొనగల రక్తస్రావము మఱొకామెను చంపుటకు కారణ మిదియే.

చావు తప్పి బయటపడినవారి మాట వచ్చినది. ఒక తల్లి మరణించిన చోట అట్లు తప్పించుకొనినవారు పలువురుందురు. వారి సంగతిని కూడ విచారింపవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో లక్షణములను నిర్ణయించెను. మన ప్రభుత్వము 2014లో దానికి మార్గదర్శక సూత్రముల నేర్పఱచెను. మరణించిన తల్లి చెప్పలేదు. బ్రతికిన తల్లి చెప్పగలదు. ఏ గంటకు తన కనుమానము కలిగెనో, ఎవరితో చెప్పుకొనెనో, ఎవరు ఏమియు కాదనిరో ఆమెయే సాక్షి. అట్టి సాక్షులు ఈ సభయందే, ఎదుట కూర్చున్న సోదరీమణులలోనే ఉందురని మా నమ్మకము. వారిని ఎన్నడైనను ఎవరైనను అడిగితిరా?

తల్లుల మరణమునకు మూడు ఆలస్యములు కారణములని థడియస్, మెయిన్ అను పరిశోధకురాండ్రు 1994లో వివరించిరి. ఆసుపత్రికి పోవలెనని నిశ్చయించుటలో ఆలస్యము మొదటిది. చేరుటలో ఆలస్యము రెండవది. చేరిన పిమ్మట తగిన చికిత్స దొరకుటలో ఆలస్యము మూడవది. రెండవ దానికి 108 బండి కొంత విరుగుడు. మూడవది ప్రభుత్వము, వైద్యులు చూడవలసినది. దానిని గుఱించి అడుగు హక్కు మనకు కలదు. మొదటిది మాత్రము పూర్తిగా మన గడపలోపలిది. మామగారు పొలమునుండి రావలె ననియు, వర్జ్యము దాటవలె ననియు, ఆడుబిడ్డ కట్లే జరిగి సర్దుకొనె ననియు గంటలు గడపుదుము. తొలి కాన్పునకు ఏడవ నెలనో తొమ్మిదవ నెలనో పిల్లను పుట్టింటికి పంపుట మన యాచారము. సారె, చీరలు, గాజులు మఱవక పంపుదుము. రక్తపుపోటు, రక్తపరీక్షలు వ్రాసిన మాతాశిశు కార్డు మాత్రము అత్తవారింటి బీరువాలో నుండిపోవును. అర్ధరాత్రి క్రొత్త ఊరి ఆసుపత్రిలో క్రొత్త వైద్యురాలు ఆమెను ఏమియు తెలియక చూడవలసి వచ్చును.

ఇచ్చట మఱొక సంగతి నిర్మొగమాటముగా చెప్పవలెను. మేము పంచాంగము చూడ నేర్చినవారము గనుక, ఆపరేషనుకు ముహూర్తము పెట్టుమని మా యొద్దకు వచ్చువారు కలరు. ధర్మశాస్త్రమున షోడశ సంస్కారములకు ముహూర్తములు కలవు. సీమంతము బిడ్డ పుట్టుటకు ముందరిది. జాతకర్మ పుట్టిన పిమ్మటిది. పుట్టుక సంస్కారము కాదు. దానికి ముహూర్తము లేదు. తొమ్మిదవ నెలలో మంచి దినమున సూతికాగృహము ప్రవేశింపవలెనని వైద్యగ్రంథములు చెప్పినవి గాని, ఫలాని ఘడియకు బిడ్డను బయటికి తీయుమని చెప్పలేదు. జాతకము పుట్టిన వేళను బట్టి వ్రాయబడునది. జాతకమును బట్టి పుట్టుక నిర్ణయించుట శాస్త్రమును తలక్రిందులు చేయుట. పైన చెప్పిన సర్వే ప్రకారము తెలంగాణమున నూటికి 60, ఆంధ్రప్రదేశమున నూటికి 42 కాన్పులు ఆపరేషను వలన జరిగినవి. అవసరమైన చోట ఆ కత్తి ప్రాణదాత. అందు సందేహము లేదు. అనవసరమైన చోట అది తరువాతి కాన్పునకు అపాయమును నాటును. పాత కోత మచ్చపై మాయ పాతుకొని ఊడిరాక ఘోర రక్తస్రావము కలుగును. 2006లో అమెరికాలో ప్రకటించిన పరిశోధనలో, మాయ క్రిందుగా నుండిన స్త్రీలలో అట్లు పాతుకొనుట మొదటి ఆపరేషనుకు నూటికి 3, రెండవదానికి 11, మూడవదానికి 40గా తేలినది. మంచి నక్షత్రము కొఱకు తల్లి కడుపున కోత పెట్టించు ముందు ఈ మూడంకెలను పఠింపుడు.

పదవీ విరమణ చేసిన పిమ్మట మేము మన కుటుంబముల వంశవృక్షములను సేకరించుచున్నాము. పలు పత్రములలో ఒక పురుషుని పేరు ప్రక్క ద్వితీయ కళత్రము అని వ్రాసి, ఆమె పేరు, పుట్టింటి పేరు, సంతానము చక్కగా వ్రాసి యుండును. ప్రథమ కళత్రము పేరుండవలసిన చోట ఒక గీత యుండును. ముసలమ్మల నడిగినచో పురిటిలో పోయినది అందురు. ఎన్నవ కాన్పు, ఎంత వయసు, ఏమి జరిగినది అనినచో ఎవ్వరికిని తెలియదు. కొన్ని చోట్ల మూడు తరములలో మూడు గీతలు కలవు. ఆ గీతలను వరుసగా చూచుచుండగా మా చేయి వణకినది. భూముల దస్తావేజులు నూఱేండ్లు భద్రపఱచిన వంశములవి. పంటపొలపు హద్దులు తెలిసినవి. వంశమునకు బిడ్డను కని యిచ్చి పోయిన పిల్ల పేరు తెలియలేదు.

అది గతించిన కాలపు మాట యని త్రోసివేయవలదు. నేటికిని దాపరికము పోలేదు. 2010 నుండి మన దేశమున ప్రతి మాతృమరణమును విచారించు పద్ధతి కలదు. ఆశా కార్యకర్త తెలియజేయగా ఆరోగ్యశాఖ వారు ఇంటికి వచ్చి ప్రశ్నింతురు. ఆసుపత్రిలో జరిగినదానిపై వేఱుగా విచారణ జరుగును. జిల్లా కలెక్టరు ఎదుట జరుగు సమీక్షకు మరణించిన స్త్రీ బంధువులను కూడ పిలిచి వారి మాట వినవలెనని నిబంధన కలదు. కారణము తెలిసికొని మఱొక మరణము నాపుటయే దీని యుద్దేశము, శిక్షించుట కాదు. అయినను ప్రశ్నించువారు వచ్చినప్పుడు మనము చేయునదేమి? పిల్ల వయసు చిన్నదని తెలియునేమో యని రెండేండ్లు కలిపి చెప్పుదుము. ఆడపిల్ల యని గర్భము తీయించిన సంగతి మ్రింగివేయుదుము. సాయంకాలము మొదలైన రక్తస్రావమును అర్ధరాత్రికి జరుపుదుము. ఇంటి గౌరవము నిలిచెనని సంతోషింతుము. ఆబర్డీను మంత్రసానులు వెఱచినట్లే నిందకు వెఱచి మనము సత్యమును పూడ్చుచున్నాము. ఆ కాలమున నిందకు వెఱచుటకు కారణము కలదు. ఇప్పుడు నింద లేకుండ అడుగు పద్ధతి వచ్చినది. నింద లేని ప్రశ్నకు దాపరికము లేని సమాధాన మిచ్చుట మన ఋణము.

కావున ఈ మహాసభ ఎదుట కొన్ని ప్రార్థనలు ఉంచుచున్నాము.

మొదటిది: మన కుటుంబములలో ఏ తల్లి మరణించినను, ఏ తల్లి చావు తప్పి బ్రతికినను, అడుగ వచ్చిన వారికి జరిగిన దంతయు గంటలతో సహా చెప్పవలెను. చికిత్సయందు లోపము జరిగినచో దానిని కూడ నిర్భయముగా, దూషణ లేకుండ చెప్పవలెను.

రెండవది: సంఘము వారు ఊరూర రక్తదాతల పట్టిక సిద్ధపఱచి, ఏ రక్తవర్గము వారు ఎవరో, రాత్రివేళ ఎట్లు పిలువవచ్చునో వ్రాసి యుంచవలెను. ఆ పట్టిక మన కులము వారికే గాక అడిగిన ప్రతి తల్లికిని ఉపయోగపడవలెను. రక్తమునకు వర్గము కలదు గాని కులము లేదు.

మూడవది: పుట్టింటికి పోవు గర్భిణితో సారెకంటె ముందు ఆమె కార్డు పోవలెను. గర్భము నిలిచిన నాటినుండి ఆమె రక్తపుపోటు, హిమోగ్లోబిను ఎంతో ఇంటి యజమానికి నోటికి వచ్చి యుండవలెను. అపాయ సమయమున ఎవ్వరి అనుమతికిని కాచుకొనక ఆసుపత్రికి తీసికొనిపోవు అధికారము దగ్గఱనున్న వారికి ముందుగానే ఇచ్చి యుంచవలెను.

నాలుగవది: పదునెనిమిది నిండని పిల్లకు పెండ్లి చేయుట 2006 నాటి చట్టము ప్రకారము నేరము. 2019-21 సర్వేలో ఆంధ్రప్రదేశమున 20 మొదలు 24 ఏండ్ల స్త్రీలలో నూటికి 29 మంది అట్లు పెండ్లియైనవారే. అట్టి పెండ్లికి మన సంఘము వారెవ్వరును అక్షతలు వేయరాదు.

చివరిది వ్యయము లేనిది. వచ్చు సంవత్సరము సంచికయందు ప్రకటింపబడు వంశవృక్షములలో గీతలు ఉండరాదు. ముసలమ్మలు బ్రతికి యుండగానే అడిగి, పురిటిలో పోయిన ప్రతి కోడలి పేరును, ఆమె పుట్టింటి పేరును, తెలిసినంత వఱకు ఆమెకు జరిగిన దానిని వ్రాసి పంపుడు. వివరము లన్నియు దొరకకపోయినను పేరైనను దొరకును. సేకరించు భారము మాది. పేరు వ్రాసిన చోట ప్రశ్న పుట్టును. ప్రశ్న పుట్టిన యింట మఱొక కోడలి ప్రాణము నిలుచును.

మన యిండ్లలో పురుడు పోసికొను ప్రతి తల్లియు బిడ్డతో కూడ సుఖముగా ఇల్లు చేరుగాక యని భగవంతుని ప్రార్థించుచు విరమించుచున్నాము.

శుభం భూయాత్.